ఎర్రమందు అసలు పేరు

కంట్లో శుక్లం తీయడానికి ఛాతీ ఫోటో ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే తాండూరు ఆసుపత్రిలోని ఆ పిల్ల డాక్టరు "రూల్ మేడమ్" అంది. జీవితమంతా జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పినదాన్ని కాబట్టి రూలు అనగానే నోరు మూసుకునే రకం కాదు నేను. అయినా గొణుక్కుంటూనే ఫోటో తీయించుకున్నాను. ఆమె ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కుడివైపు ఊపిరితిత్తిలో తెల్లగా కనబడుతున్న చుక్క మీద వేలు పెట్టి "చిన్నప్పుడు టీబీ వచ్చిందా మేడమ్?" అని అడిగింది. రాలేదన్నాను. "వచ్చింది, దానంతట అదే మానిపోయింది. పాత మచ్చ. ఇప్పుడు దీంతో భయమేమీ లేదు. ఇంట్లో ఎవరికైనా ఉండేదా? దగ్గరగా మెలిగినవాళ్లకు? ఎంగిలితో అంటుకోదు, దగ్గితే గాలిలో అంటుకుంటుంది కదా" అంది. ఎవరికీ లేదు, నాకు ఆయాసం మాత్రం ఉండేది, దానికి ఏళ్ల తరబడి మందు తాగాను అన్నాను. ఏం మందు అని అడిగింది. "ఎర్రమందు" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "అది రంగు మేడమ్, పేరు కాదు" అంది.

ఇంటికి వచ్చేదాకా ఆ మాట నన్ను గిల్లుతూనే ఉంది. కాలేజీలో పిల్లలు నన్ను మాటల మంత్రసాని అనేవాళ్లు. ఏ మాట ఏ కడుపున పుట్టిందో చెప్పనిదే నాకు పాఠం సాగేది కాదు. మలేరియా అంటే చెడ్డ గాలి, క్వారంటైన్ అంటే నలభై రోజులు, ఇలా రోగాల పేర్లన్నీ విప్పి చూపించేదాన్ని. అలాంటి నేను, చిన్నతనమంతా గొంతులో పోసుకున్న మందు పేరేమిటని ఒక్కనాడూ ఎవరినీ అడగలేదు. దేవుడి తీర్థానికి పేరడుగుతామా? నాకు ఎర్రమందు అలాంటిదే.

ఆ మాటల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ప్లాసిబో. ప్రతి ఏడూ కొత్త క్లాసుకు తప్పకుండా చెప్పేదాన్ని. పాతకాలం యూరప్‌లో ఎవరైనా పోతే సాయంత్రం చర్చిలో లాటిన్ ప్రార్థన పాడేవాళ్లు. అందులో మొదట వినబడే మాట అది. నేను ప్రీతి కలిగిస్తాను, సంతోషపెడతాను అని అర్థం. ఆ మాట దేవుడికి చెప్పేది. కానీ ప్రార్థన అయ్యాక చావింటివాళ్లు తిండీ పానీయమూ పంచుతారు కదా, అందుకని పోయినవాళ్ల ముఖమైనా ఎరగనివాళ్లు వచ్చి అందరికంటే గట్టిగా గొంతు కలిపేవాళ్లట. ఊళ్లో జనం వాళ్లను ప్లాసిబో పాడేవాళ్లని వెక్కిరించేవాళ్లు. అలా ఆ మాట ఇచ్చకాలు పలికేవాళ్లకు పేరైంది. ఆ తర్వాత ఎప్పుడో వైద్యుల చేతికి చిక్కింది. రోగం కుదర్చడానికి కాక రోగిని సంతోషపెట్టడానికి ఇచ్చే ఉత్తుత్తి మందుకు ఆ పేరు పెట్టారు. ఇంతవరకు చెప్పి, "మన దగ్గర మాత్రం లేరా, చావింట్లో పిట్టకు ముద్ద పెట్టే రోజు కల్లు కోసం వచ్చే చుట్టాలు?" అనేదాన్ని. వెనక బెంచీలు గొల్లుమనేవి. నేనూ నవ్వేదాన్ని. ఎవరి కథకు నవ్వుతున్నానో ఎరగకుండా నవ్వాను అన్ని ఏళ్లూ.

మా అమ్మ పోయింది తాండూరులోనే. మా నాయనకు అప్పుడు బండల వ్యాపారం. ఇంటి వెనక దొడ్డిలో నాపరాళ్లు చదును చేసేవాళ్లు పొద్దున నుంచి పొద్దుగూకేదాకా ఉలీ సుత్తెలతో టక్ టక్ మని కొడుతూ, సరిహద్దు అవతలి కన్నడంలో మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు. తడి రాతిపొడి వాసన మా అన్నంలో కూడా ఉండేదని అమ్మ విసుక్కునేది. పిట్టకు పెట్టిన రోజు వికారాబాద్ నుంచి వచ్చిన మా మేనత్త, నాయనకు చెల్లెలు, నన్ను ఒళ్లోకి లాక్కుని "మా అన్న ఇంట్ల దీపం పెట్టే చెయ్యి యాడికి పాయెనే వదినా" అని శోకం తీసింది. ఆమె గొంతు ముందు మిగతా ఆడవాళ్ల గొంతులు చిన్నబోయాయి. శోకం మధ్యలో ఆగి, నా చెవిలో "నీకు నేనున్న కోడలా, నీకేం ఫికర్ లేదు" అంది. ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. ఆ సాయంత్రం ఉలుల చప్పుడు ఆగిపోయి ఇల్లు నిశ్శబ్దమైన క్షణాన నాకు మొదటిసారి ఊపిరి అందలేదు. ఆ తర్వాత రోజూ అంతే. చప్పుడు ఆగేది, నా గొంతు బిగుసుకునేది. రాతిదుమ్ము పడలేదన్నారు. వికారాబాద్ గాలి సగం మందు అన్నారు. నన్ను మేనత్త వెంట రైలెక్కించారు.

అత్తమ్మకు పిల్లలు లేరు, మామయ్య చిన్న వయసులోనే పోయాడు. పూడూరు దగ్గర భూమిని ఆమే చేయించుకునేది. పొద్దున్నే జొన్నరొట్టెలు కొట్టే చప్పుడుతో ఆ ఇంట్లో తెల్లవారేది. కట్టెల పొగ, కాలిన జొన్నపిండి, మూలన ఎండబెట్టిన చింతపండు, ఆమె తలకు రాసుకునే నువ్వుల నూనె, ఈ వాసనలన్నీ కలిస్తే అత్తమ్మ. నడుముకు తాళాల గుత్తి, నోట్లో ఎప్పుడూ ఒక వక్కముక్క. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. ఆ సాసర్‌ను మాత్రం ఇంకెవరూ ముట్టకూడదు. ఎంగిలి అంటే ఆమెకు పామును చూసినట్టే. నీళ్ల చెంబు ఎవరి పెదవికీ తగలకూడదు, తలెత్తి పైనుంచి పోసుకోవాలి. నేను వెళ్లిన కొత్తలో ముక్కులోకి నీళ్లు పోయి ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, "గిదే ఆయాసమా నీకు?" అని వెక్కిరించేది. మనిషి మొరటే కానీ రాత్రి పడుకునేటప్పుడు నా వీపు మీద చేయి వేసి ఉంచేది. ఆ చేయి ఆయాసం వచ్చే వేళ కూడా ఉంటే బాగుండునని అనుకునేదాన్ని. ఆ వేళకు సీసా వచ్చేది.

ఆ రోజుల్లో డాక్టరు దగ్గరికి ఎవరి సీసా వాళ్లు తీసుకుపోయేవాళ్లు. అత్తమ్మది ఒకప్పుడు గులాబీనీళ్లు వచ్చిన సీసా. మా డాక్టర్ సాబ్ అందులో ఎర్రమందు పోయించి, అంచున పళ్లు కత్తిరించిన కాగితపు పట్టీని సీసాకు జిగురుతో అంటించాడు. పూటకు ఒక పన్ను దిగాలి. "నాలుక మీద పెట్టి చప్పరించాలె, గటుక్కున మింగొద్దు" అని నాకు చెప్పాడు. సీసాను వెలుతురుకు ఎత్తితే నా చేతి మీద ఎర్రటి నీడ పడేది. సాయంత్రం గొంతు బిగుసుకోగానే అత్తమ్మ ఇత్తడి చెంచాతో నాలుక మీద పోసేది. తియ్యగా, కొంచెం సోంపు వాసనతో ఉండేది. దాన్ని చప్పరిస్తుంటే ముడి విప్పినట్టు ఊపిరి వదులయ్యేది. ఇది అబద్ధం కాదు. నిజంగానే వదులయ్యేది.

సీసా ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు. నేను బడి నుంచి వచ్చేసరికి మళ్లీ నిండి ఉండేది. అలా నిండిన రోజు వంటింట్లో పాకం కాచిన వాసన వచ్చేది. గిన్నెలన్నీ మూతలు తీసి వెతికేదాన్ని, ఒక్క అరిసె ముక్క కూడా దొరికేది కాదు. "ఏం చేసినవ్ అత్తమ్మా?" అంటే "నీ నోరు చేసిన" అనేది. ఇంత తెలివిగలదాన్ని, వాసన పట్టాను కానీ సంగతి పట్టలేకపోయాను.

మాకు పాలు పోసే మల్లయ్యకు గొర్రెలూ బర్రెలూ ఉండేవి. అతని బిడ్డ యాదమ్మది నా ఈడు. తండ్రి వెంట వచ్చి, పాలు కొలిచేదాకా మా అరుగు పక్కన నిలబడేది. అలా మొదలై, సాయంత్రాలు కూడా రావడం అలవాటైంది. నాకు ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క స్నేహం ఆ పిల్ల. ఆ ఎండాకాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. ఆడుతూ ఆడుతూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దగ్గేది. మెడ దగ్గర ఎముకలు కనబడేవి. నా ఊపిరిని వదులు చేసే మందు ఆమె దగ్గును వదులు చేయదా అని నాకు తోచింది. ఒకనాడు సీసా తెచ్చి, నా చెంచాతోనే ఆమెకు పోశాను. ఆమె తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, "పైనుంచి పొయ్యి" అంది. నేను ఒప్పుకోలేదు. "నాలుక మీద పెట్టి చప్పరిస్తేనే గుణం చేస్తది, డాక్టర్ సాబ్ చెప్పిండు" అని చెంచాను నోట్లోనే పెట్టాను. అదే చెంచాతో నేనూ తాగాను. ఎంగిలి పేరెత్తితే ఊరుకోని ఆ ఇంట్లో ఒక్క యాదమ్మ దగ్గరే నేను ఎంగిలి పాటించలేదు. అది మా మధ్య ఒట్టు లాంటిదని అనుకున్నాను. ఆమె సిగ్గుపడుతోందనుకున్నాను.

సీసా పట్టుకుని ఆమె దగ్గరికి పోవడం అత్తమ్మ ఒకసారి చూసింది. సీసాను వీపు వెనక దాచుకున్నాను. ఆమె మాత్రం తాళాలు సర్దుకుంటూ "తాగనియ్యి, ఏం గాదు" అని లోపలికి వెళ్లిపోయింది. నా మందును పరాయి పిల్లతో పంచుకోనిచ్చిన మా అత్తమ్మ ఎంత మంచిదో అని ఆ రోజు పొంగిపోయాను. యాదమ్మ మందు తాగినప్పుడల్లా చేదు మింగినట్టు ముఖం ముడిచేది. అంత తియ్యటి మందుకు ఆ ముఖమేమిటని నవ్వేదాన్ని. ఆ రోజుల్లో ఆమె అరుగు మీద కూర్చునేది కాదు, నిలబడే అచ్చనగాయలు చూసేది. కూర్చోవే అంటే "తుమ్మముల్లు దిగింది" అనేది. పొద్దున్నే తండ్రి సైకిల్ మీద గుట్టవైపు పోయేది, గొర్రెలకు ఆకు కొట్టుకురావడానికని చెప్పేది. వానలు వెనకబట్టేసరికి దగ్గు తగ్గింది, చెంపలు నిండాయి. నేనే నయం చేశాను.

ఆ మాటను జీవితమంతా మోశాను. నా పిల్లలకు చెప్పాను, క్లాసులో చెప్పాను. పొరుగువాళ్లకు ఆసుపత్రి ఖర్మ పడితే ధైర్యం కోసం వాళ్లకూ చెప్పాను. తల్లి లేని పిల్ల తన మందును ఇంకో పిల్లకు పోసి బతికించింది. నేను చేసిన పనుల్లో నిలబెట్టి చూపించదగ్గది అదొక్కటే అని నా నమ్మకం. యాదమ్మను పెద్దేముల్‌లో ఇచ్చారు. నాకు తాండూరులో ఉద్యోగమైంది. ఇద్దరం దగ్గరలోనే పడ్డామని సంతోషించాం. సీతాఫలాల కాలంలో గంపతో వచ్చేది. చాయ్ పెడతానంటే వద్దని నీళ్లడిగేది, గ్లాసు ఎత్తి పైనుంచి గొంతులో పోసుకునేది. "ఇంక ఈ మర్యాదలేందే నాకు!" అని కసిరేదాన్ని. నా రిటైర్మెంటు సభలో ఆమెను వేదిక ఎక్కించాను. మైకు ముందు వణుకుతూ "నన్ను బతికిచ్చింది సరళమ్మనే, ఆమె మందుతోటే బతికిన" అంది. నేను ఏడ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు పేరు తెలియని మందు కోసం వికారాబాద్ రైలెక్కాను. అత్తమ్మకు తొంభై దగ్గర పడుతున్నాయి. చూపు తగ్గింది, చెవులూ నాలుకా బాగానే పనిచేస్తున్నాయి. మంచం మీద కూర్చుని సాసర్‌లో చాయ్ ఊదుకుంటోంది. కుశల ప్రశ్నలయ్యాక అడిగాను, చిన్నప్పుడు నాకు పోసిన ఎర్రమందు పేరేమిటని. ఆమె సాసర్ దించింది.

"గదింక యాదికున్నదా నీకు?" అని పకపక నవ్వింది. "గది మందేడిది కోడలా! శక్కెర పాకం. జరంత సోంపు, జరంత మిఠాయి రంగు. నేనే కాస్తుంటి."

వాసన ముందు వచ్చింది నాకు, అర్థం తర్వాత వచ్చింది. "డాక్టర్ సాబ్ పోయించిన మందు గద అత్తమ్మా?"

"ఆయననే చెప్పిండు. పిల్లకు రోగం లేదు, తల్లి బెంగ పట్టుకున్నది, మందని ఏదన్న ఇయ్యి, నమ్మి తాగితె ఊపిరి తిరుగుతది అన్నడు. మొదటి సీసా ఆయన కలిపిచ్చిండు. తర్వాత, గీదానికి దవఖాన్ల దాక ఎందుకు, ఇంట్లనే కాసుకో అన్నడు."

"నాయనకు ఎర్కనా?"

"ఎర్కలేకేంది! మీ నాయనకెర్క, మీ చిన్నాయనకెర్క, పాలుపోసే మల్లయ్యకెర్క. నీకొక్కదానికే ఎర్కలేదు. నీకెర్కయితె అది పనిజెయ్యదాయె."

నాకు ఒళ్లు మండిపోయింది. తొంభై ఏళ్ల మనిషి ముందు గొంతు పెంచకూడదని తెలుసు, అయినా పెంచాను. "పెద్దదాన్నయినంక చెప్పాలె గద! డిగ్రీకి పట్నం పొయ్యేనాడు గూడ పెట్టెల సీసా పెట్టి పంపితివి. బడి పిల్లలందరు గుట్ట ఎక్కవోతే నన్ను అరుగు మీద కూసోబెట్టితివి, ఆయాసం పిల్లవని. నాకు రోగమే లేకపోతె ఎందుకు కూసోబెట్టినవ్?"

"మందు తాగే పిల్ల గుట్టలెక్కితె, లోకం నవ్వదా?" అంది తాపీగా. "తియ్యగ తాగితివి, నయమైతివి. గిప్పుడేంది లొల్లి?"

"యాదమ్మకు గూడ తాగిస్తుంటి. నువ్వు చూసినవు. ఆ పిల్ల ఎముకలు తేలి దగ్గుతుండె అత్తమ్మా."

"శక్కెర తాగితె చస్తరా? ఆమె సంగతి వాళ్లయ్య చూస్కోడా?" అంది. ఆ తర్వాత నా ముఖం సరిగ్గా కనబడక, చేయి చాచి వెతుక్కుంటూ నా వీపు మీద వేసింది. అప్పటి చేయే. నేను పక్కకు జరిగాను.

ధారూర్ దాటేదాకా రైల్లో కోపంతోనే కూర్చున్నాను. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలైనట్టు, నా చిన్నతనాన్ని ఎంత తరచి చూసినా గట్టి గింజ ఒక్కటీ చేతికి రావడం లేదు. మంచికే చేశారు కదా అని ఎవరైనా అంటారు. అది నాకూ తెలుసు. తల్లి కోసం ఏడవాల్సిన పిల్లకు చెంచాడు పాకం పోశారు. ఏడుపు ఆగింది, ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అమ్మ పోయిందని నాకు బెంగ అని ఒక్కరు నాతో అని ఉంటే నేను ఆ బెంగను బెంగలాగే అనుభవించి ఉండేదాన్ని. నాకు రోగమని చెప్పారు, దాంతో నేను రోగినై బతికాను. మందు అబద్ధమైనప్పుడు దాన్ని నిలబెట్టడానికి రోగాన్ని నిజం చేయాల్సి వచ్చింది. ప్లాసిబో గురించి అన్ని క్లాసుల్లో చెప్పాను కానీ ఒక్క ప్రశ్న ఎన్నడూ వేయలేదు. నేను సంతోషపెడతాను అంటే, ఎవరిని? చావింట్లో అందరికంటే గట్టిగా పాడిన గొంతు నాకు గుర్తుంది. "నీకేం ఫికర్ లేదు" అన్న మాటా గుర్తుంది.

ఇప్పటి పిల్లలు మాత్ర చేతిలో పెడితే ముందు పేరు చదువుతారు, ఫోనులో వెతుకుతారు, ఇది ఎందుకని డాక్టరునే నిలదీస్తారు. పెద్దలంటే గౌరవం లేదని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఆ విసుగును ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. అడగాలి. అడగనివాళ్ల నోట్లోనే పాకం పోస్తారు.

తాండూరు దగ్గర పడుతుండగా కోపం అడుగున ఇంకొకటి కదిలింది. నాకు దగ్గరగా దగ్గినవాళ్లు ఎవరని ఆ పిల్ల డాక్టరు అడిగింది. ఎవరూ లేరన్నాను. దగ్గినది ఒక్కతే ఉంది. ఆమె దగ్గు నా సీసాతో తగ్గలేదంటే మరి దేనితో తగ్గింది?

మర్నాడు ఫిల్మును సంచిలో పెట్టుకుని పెద్దేముల్ ఆటో ఎక్కాను. ఏ నోటితో ఏం అడుగుతానో నాకే తెలియదు. రోగంతో ఉన్న పిల్లకు చక్కెర నీళ్లు పోసి నయం చేశానని ఊరేగినదాన్ని, ఆ సంగతి ముందు ఆమెకు చెప్పాలి. ఆ తర్వాత ఫిల్ము చూపించాలి. యాదమ్మ ఇంటి ముందు నీడలో కూర్చుని పుంటికూర తెంపుతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని పక్కన కూర్చున్నాను.

"నీకొక మాట చెప్పాలె యాదమ్మా. గా ఎర్రమందు..."

"శక్కెర నీళ్లు గద" అంది, కాడ నుంచి ఆకు వేరుచేస్తూ.

"నీకెట్ల ఎర్క?" అన్నాను.

"మా అయ్య చెప్పిండు. గది ఒట్టి శక్కెర నీళ్లు బిడ్డా, అయినా తాగు, తల్లిలేని పిల్ల మనసు విరగ్గొట్టకు అన్నడు. తియ్యగుందని మొఖం పెడితె నీకు అనుమానమొస్తదని చేదు మొఖం పెడుతుంటి."

"మరి దగ్గెట్ల పోయింది?"

ఆమె ఇంట్లోకి తొంగిచూసింది. కోడలు లోపల ఏదో సర్దుకుంటోంది. గొంతు తగ్గించి, "సూదులు. గుట్ట మీది దవఖాన్ల" అంది. "టీబీ ఉండె నాకు. మా అయ్య సైకిల్‌కు ఓ దిక్కు పాల క్యాను కట్టి, ఎనుక నన్ను కూసోబెట్టుకోని పొద్దుగాల్నే తీస్కపోతుండె. అడిగితె ఆకు కొట్టవోతున్నమని చెప్పుమన్నడు. సూదులకు కూసుండ రాకపోతుండె. ముల్లు దిగిందని చెప్పుమన్నడు. టీబీ అని తెలిస్తె మా పాలెవరు పోయించుకుంటరు సరళమ్మా? మీ అత్తమ్మ మా క్యానును గుమ్మం దాక రానిస్తుండెనా? ఇగ నీ మందుతోటే తగ్గిందని నువ్వే ఊరంత చెప్తివి. మా అయ్య దండం పెట్టుకున్నడు, మంచిగైంది బిడ్డా, ఇగ ఎవ్వరడగరు అన్నడు."

అంటే నా మందు పనికొచ్చింది. వాళ్ల రోగానికి పరదాగా పనికొచ్చింది. "రిటైరయిననాడు మైకు ముందు నిలబడి, నా మందుతోటే బతికినని చెప్తివి గదనే!" అన్నాను.

"నువ్వు చెప్పుమన్నవు, చెప్పిన. నువ్వెంత సంబురపడ్డవు ఆనాడు! ఆ సంబురం నేనెందుకు చెడగొట్టాలె?"

ఇదీ వరస. అత్తమ్మ నన్ను సంతోషపెట్టింది. డాక్టరు అత్తమ్మను సంతోషపెట్టాడు. యాదమ్మ నన్ను బతుకంతా సంతోషపెడుతూ వచ్చింది. వాళ్లందరూ చాటుగా చూసుకుని నవ్వుకున్నారని అనను, నవ్వుకోలేదని నాకు తెలుసు. కానీ ఒక్కరైనా నన్ను నిజం చెప్పదగ్గ మనిషిగా చూడలేదు. అత్తమ్మను చూసినప్పుడు ఒళ్లు మండింది. యాదమ్మను చూస్తుంటే మండలేదు, లోపల ఏదో చల్లబడిపోయింది. నాకున్న ఒకే ఒక్క స్నేహమని చెప్పానే, అదీ పాకమే. సంచి జిప్పు తీశాను. ఫిల్ము అంచు చేతికి తగిలింది.

"ఒక్క చెంచాతోటి తాగితిమి ఇద్దరం" అన్నాను.

ఆమె చేతిలో ఆకు ఆగిపోయింది. "మా అయ్య ఎన్నిసార్లు చెప్పిండో, నోటికి తగలకుంట పైనుంచి పోస్కోమని" అంది, తలెత్తకుండానే. "నువ్వు ఇనకపోతివి. నాలుక మీదనే పెట్టాలని నోట్ల పెడితివి. ఎందుకొద్దంటున్ననో ఎట్ల చెప్పాలె నీకు? చెప్తె పాలు బందు, చెప్పకపోతె నీకేమైతదో. ఇంటికొచ్చి ఏడుస్తుంటి. అందుకే మీ ఇంట్ల ఇప్పటిదాక గ్లాసు నోటికి తగలనియ్య. నాకు తగ్గి ఎన్నేండ్లాయె, డాక్టర్లు ఏం గాదన్నరు, అయినా ధైర్నం రాదు." అప్పుడు తలెత్తింది. ఆ కళ్లలో భయం ఇవాళ పుట్టినది కాదు. "నీకేం గాలే గద సరళమ్మా? గా చెంచా తోటి..."

చెంచాతో అంటదని, దగ్గితే గాలిలో అంటుతుందని డాక్టరు చెప్పింది. చెంచాతో అంటదు అన్నాను. అది నిజమే.

"నిజంగనా?"

"డాక్టరే చెప్పింది."

"అయితె నీకేం గాలే?"

ఫిల్ము అంచు నా వేళ్ల మధ్యే ఉంది. నిజం కోసం రెండు రోజులుగా తిరుగుతున్న మనిషిని. అందరినీ నిజం చెప్పలేదని నిలదీసినదాన్ని. "ఏం గాలే" అన్నాను.

క్షమించానని కాదు. ఇప్పటికీ క్షమించలేదు. ఆ ముఖం ముందు నా నోటికి ఆ మాటే దొరికింది, అంతే.

యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, లోపలికి కేకేసి చాయ్ పెట్టమంది. కోడలు రెండు గ్లాసులు తెచ్చింది. యాదమ్మ తన గ్లాసును రెండు చేతులా పట్టుకుని, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, ఎత్తకుండా, పెదవులకు ఆనించి తాగింది. నా వైపు చూసి చిన్నపిల్లలా నవ్వింది. నేనూ నవ్వాను. సంచిలో ఫిల్ము చప్పుడు చేయకుండా మోకాలితో అదిమి పట్టుకుని నా చాయ్ తాగాను. చాలా తియ్యగా ఉంది.